కాళ్ల కింది ఖర్చు

వరంగల్‌లోని ఆ విశ్రాంత ఉపాధ్యాయుడు మొదట వేసిన లెక్క ఒక్క గుణకారంతో ముగిసింది. ఇంట్లో నేల 800 చదరపు అడుగులు. షాపులో నచ్చిన విట్రిఫైడ్ టైల్ ధర అడుగుకు 55 రూపాయలు. మొత్తం 44,000. రిటైర్మెంట్ డబ్బులోంచి ఇంటి కోసం ఆయన పక్కన పెట్టింది 75,000. మేస్త్రీకి ఇచ్చేది పోనూ కర్టెన్లకు కూడా మిగులుతుందని భార్యకు చెప్పేశారు. మాఘమాసంలో కూతురి నిశ్చితార్థం. వియ్యాలవారు వచ్చేసరికి హాలు అద్దంలా మెరవాలన్నది ఆవిడ కోరిక. పక్కింటివాళ్లు టైల్స్ వేయించినప్పటి నుంచీ ఉన్న కోరికే అది, నిశ్చితార్థం ఒక సాకు.

ఆ ఇల్లు 1987లో ఆయన తండ్రి కట్టించింది. అప్పట్లో ఈ ప్రాంతపు మధ్యతరగతి ఇంటికి నేల అంటే షాబాదు బండ, లేదంటే తాండూరు బండ. కాస్త ఉన్నవాళ్లు మొజాయిక్ వేయించేవారు. మార్బుల్‌ను సినిమాల్లో చూడాల్సిందే. వేసవి మధ్యాహ్నాల్లో ఆ నీలిబూడిద రంగు సున్నపురాయి మీద చాప కూడా లేకుండా పడుకున్న వాళ్లకే దాని చల్లదనం తెలుసు. గుజరాత్‌లోని మోర్బీ కార్ఖానాలు ఆ తర్వాత కథ మార్చేశాయి. దేశంలో తయారయ్యే టైల్స్‌లో అత్యధిక భాగం ఇవాళ ఆ ఒక్క పట్టణం చుట్టుపక్కల నుంచే వస్తుంది. ఒకప్పుడు పెద్ద హోటళ్లలో మాత్రమే కనిపించిన మెరుపు పెన్షనర్ల హాళ్లలోకీ వచ్చేసింది.

మేస్త్రీ టేపు పట్టుకుని వచ్చిన రోజునే 44,000 అనే అంకె కరిగిపోవడం మొదలైంది. గోడల అడుగున నాలుగంగుళాల స్కర్టింగ్ వేయాలి. దాని పొడవు 200 అడుగులు, అంటే మరో 67 చదరపు అడుగుల టైల్స్. మూలల్లో కోతలకు, పగుళ్లకు 8 శాతం అదనం. రెండడుగుల టైల్స్ నాలుగు కలిపి ఒక పెట్టె, అది 15.5 చదరపు అడుగులకు వస్తుంది. పెట్టె విప్పి అమ్మరు కనుక 61 పెట్టెలు కొనాలి. ఖరీదు 52,000. షాపువాడు చెప్పిన 55 రూపాయల్లో పన్ను కలవలేదన్న సంగతి బిల్లు అడిగినప్పుడు బయటపడింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు టైల్స్‌పై 28 శాతం ఉండేది, అదే ఏడాది నవంబరులో 18కి తగ్గించారు. ఆ 18 శాతంతో 61,000 దాటింది. బిల్లు లేకుండా తీసుకోవచ్చని షాపులో సలహా ఇచ్చారు. ముప్పై ఏళ్లు పిల్లలకు పౌరశాస్త్రం చెప్పిన మనిషి అందుకు ఒప్పుకోలేదు.

ఇంతా చేస్తే అది సరుకు ఖర్చే. పాత బండలు పెకలించడానికి, ఆ రబ్బిష్ నాలుగు ట్రాక్టర్ ట్రిప్పుల్లో తీసుకెళ్లడానికి 14,000 పైన. సిమెంటు, ఇసుక మరో 14,000. టైల్స్ పరిచే కూలీ, స్కర్టింగ్ కూలీ కలిపి 25,000. ఆటో ట్రాలీ, హమాలీలకు 2,500. ఆయన తెల్లకాగితం మీద కూడి, నమ్మకం లేక మళ్లీ కూడారు. లక్షా 18 వేలకు కాస్త అటూ ఇటూగా తేలింది. టైల్ ధర గురించి నాలుగు షాపులు తిరిగి అడుగుకు మూడు రూపాయలు తగ్గించుకున్న మనిషి, మిగతా సగం ఖర్చు గురించి ఒక్కరినీ అడగలేదు. చాలా ఇళ్లలో జరిగేదీ ఇదే.

"సార్, బండలు తియ్యకుంట వాటి మీదనే ఏసేద్దాం, 14 వేలు మిగుల్తయ్" అన్నాడు మేస్త్రీ. అబద్ధం కాదు. అయితే నేల కనీసం ముప్పావు అంగుళం లేస్తుంది, కింద బెడ్ వేస్తే రెండంగుళాలు. అప్పుడు ప్రతి తలుపునూ కింద కోయాలి. కదిలే బండ మీద అతికించిన టైల్ ఎన్నాళ్లు ఆగుతుందన్నది మరో ప్రశ్న. ఆ ఇంట్లో హాల్లోనే నాలుగైదు బండలు కదులుతున్నాయి.

అప్పటిదాకా మంచం మీద కూర్చుని వింటున్న 82 ఏళ్ల తల్లి, నమూనాకు తెచ్చిన టైల్ మీద తడికాలు పెట్టి చూసింది. "చూడనీకి మంచిగనే ఉన్నది బిడ్డా. రాత్రిపూట లేస్తే నేనెట్ల నడవాలె?" అంది.

బడ్జెట్‌లో ఈ పద్దు ఎవరూ రాసుకోలేదు. విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపుగా పీల్చుకోదు. మరక పడకపోవడానికి కారణం అదే, పాలిష్ చేసిన రకం మీద పడ్డ నీళ్లు అలాగే నిలిచి కాలు జారడానికి కారణమూ అదే. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చు ముందు అడుగుకు 55 ఏ పాటి? ఖర్చు సంగతి పక్కన పెట్టినా, మంచం పట్టిన పెద్దవాళ్లలో ఎందరు మళ్లీ లేచి నడుస్తారో ఆ వీధిలో అందరికీ తెలుసు.

రెండు రోజులు ఇంట్లో మాటలు సరిగా లేవు. చివరికి భార్యే తోవ చూపించారు. 300 చదరపు అడుగుల హాలుకు మాత్రమే టైల్స్, అవీ మెరవని మ్యాట్ రకం. పడకగదులు, వంటిల్లు కలిపి 500 అడుగుల పాత బండలకు మిషన్ పాలిష్ పట్టించి, సందుల్లో పాయింటింగ్ చేయించడం. అది అడుగుకు 20 చొప్పున 10,000. హాలుకు 45,000 దాకా. హాల్లో బండలు తీయడానికి మాత్రం డబ్బు పెట్టారు. లేకపోతే గది గుమ్మం దగ్గర అంగుళం ఎత్తు తేడా వచ్చి, అదీ ముసలావిడ కాలికే తగిలేది. మిగిలిన 20,000 బాత్రూంలో గరుకు టైల్స్‌కూ, గోడకు బిగించే స్టీలు కడ్డీలకూ పోయింది. కర్టెన్లు పాతవే.

పాలిష్ మిషన్ తిరిగిన రెండు రోజులూ ఇల్లంతా బూడిదరంగు బురద. కడిగేశాక వంటింట్లో నల్లగా జిడ్డుపట్టిన రాయి లేత నీలంగా బయటపడింది. అందులో ఇంత రంగుందని ఇంట్లో అందరూ ఎప్పుడో మరిచిపోయారు.

చివరి వాయిదా ఇచ్చేముందు ఆయన హాల్లో ప్రతి టైల్‌నూ రూపాయి బిళ్లతో కొట్టి విన్నారు. డొల్లగా మోగిన మూడింటిని తీయించి మళ్లీ వేయించారు. మేస్త్రీ గొణిగినా చేశాడు, డబ్బు ఇంకా ఆయన చేతిలోనే ఉంది మరి. మిగిలిన ఒక పెట్టెను షాపుకు తిప్పి పంపుదామని కూతురు అంటే వద్దన్నారు. కంపెనీ, పేరు ఒకటే అయినా బ్యాచ్ మారితే రంగు కలవదు. ఆ పెట్టె మీద బ్యాచ్ నంబరు చెరిగిపోకుండా పెన్నుతో దిద్ది, అటక మీద పెట్టించారు.