తాత తుపాకి, నాయన లెక్క

మా నాయన 2012లో పోయాక నా వంతుకు వచ్చినవాటిలో ఒక రెండు గొట్టాల తుపాకి ఉంది. తాత కొన్నది. పాలక్కోడు దగ్గర మా ఊళ్ళో అప్పట్లో పంటంటే రాగి, సెనక్కాయ; రాత్రయితే అడవిపందులు. మంచె మీద కాపలా పడుకోని మగవాడు ఊళ్ళో లేడని నాయన చెప్పేవాడు.

లైసెన్సు నా పేరుకు వచ్చేదాకా తుపాకి చట్టప్రకారం ఒక డీలరు దగ్గర డిపాజిట్టులో ఉంది. ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో ఉన్నవాణ్ణి. డిపాజిట్టంటే వడ్డీ పెరగాలి గదా, దీనికి తుప్పు పెరిగింది. ధర్మపురికి తెచ్చి బీరువాలో పెట్టి మరిచిపోయాను.

పోయిన ఏడు మా తమ్ముడు ఊరినుంచి ఫోను చేశాడు. ఒక్క రాత్రిలో పందులు పావెకరం సెనక్కాయ తవ్వి పోశాయట. "అన్నా, తాత తుపాకి బాగుచేయించరాదా?" అన్నాడు.

బాగుచేయించినా కాల్చకూడదురా అన్నాను. 1972 వన్యప్రాణి చట్టంలో అడవిపంది ఉంది. 2022లో చట్టాన్ని సవరించి దాన్ని రెండో షెడ్యూలులోకి తెచ్చారు. 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం, అడవికి మూడు కిలోమీటర్లు దాటి వచ్చి పంట పాడుచేసే పందుల్ని కాల్చవచ్చన్నది నిజమే. అయితే కాల్చవలసింది అటవీశాఖ సిబ్బంది. రైతు చేతిలోని తుపాకికి అందులో చోటు లేదు. ఇదంతా విని వాడు, "అది నాకూ తెలుసులే. ఇంట్లో ఉన్న వస్తువు చెడిపోకుండా ఉంటే చాలు" అన్నాడు. వాడు నిజంగా అంతే అనుకున్నాడో లేదో నేను అడగలేదు.

తుపాకిని ఎవరుబడితే వాళ్ళు విప్పకూడదు, లైసెన్సు ఉన్నవాళ్ళే మరమ్మతు చెయ్యాలి. చెన్నైకి తీసుకుపోయాను. మేస్త్రీ పెద్దాయన. ముందు గొట్టాలు ఊడదీసి వెలుతురుకు పట్టి ఒక కన్ను మూసి చూశాడు. లోపల తుప్పు గుంటలు ఉన్నాయిగాని లోతు లేవు అన్నాడు. అడుగున చెక్కిన ముద్రల్లో 12 అనీ 2½ అనీ అంకెలు కనిపించాయి. 12 అంటే ఏమిటో ఆయనే చెప్పాడు. గొట్టం లావుకు సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు పోస్తే ఒక పౌను తూగుతాయట. 2½ అన్నది తూటా కూర్చునే గది పొడుగు, అంగుళాల్లో.

నాకు దాన్ని కొత్తదానిలా నిగనిగలాడించాలని ఉండింది. వేడి ఉప్పునీళ్ళలో ముంచి నీలిరంగు ఎక్కిస్తారని ఎక్కడో చదివాను. మేస్త్రీ నవ్వాడు. "సార్, ఈ రెండు గొట్టాల్నీ పట్టుకున్నది టంకం. ఆ నీళ్ళు టంకాన్ని తినేస్తాయి. ఇంటికి పోయేసరికి గొట్టాలు అన్నదమ్ముల్లా విడిపోతాయి" అన్నాడు. తుప్పు తీసి, నూనె పట్టించి, చీలిన కర్రను అతికించి, మీటలకు కొత్త స్ప్రింగులు వేసి ఇచ్చాడు.

అప్పుడు తూటాల సంగతి వచ్చింది. నాయన డబ్బాలో పాత అట్టతూటాలు ఆరు ఉన్నాయి. మేస్త్రీ ఒకటి గదిలో పెట్టబోతే పోలేదు, చెమ్మకు ఉబ్బింది. వాటిని కాల్చవద్దని తీసి పక్కన పెట్టించాడు. అంగట్లో ఉన్న కొత్త ప్లాస్టిక్ తూటా మాత్రం సుతారంగా లోపలికి జారి కూర్చుంది. ఒక పెట్టె రాయించుకుందామని లైసెన్సు పుస్తకం తీశాను. పాసుబుక్కులాగే అందులో కొన్న తూటాలన్నీ డీలరు పద్దు వెయ్యాలి. అంతలో ఆయన పెట్టెమీది అంకె చూపించాడు: 70. మన గది 65 మిల్లీమీటర్లు.

మరి పట్టింది గదా అన్నాను. పట్టడమే మోసమట. తూటా మూతి మడిచి ఉంటుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకుని ముందుకు సాగుతుంది. 70 అన్నది అలా సాగిన తరవాతి పొడుగు. పొట్టి గదిలో ఆ మూతికి విచ్చుకునే చోటుండదు. గుళ్ళ దారి ఇరుకై లోపల ఒత్తిడి పెరుగుతుంది. గది పొడుగు చేయిస్తే గొట్టం గోడ పలచనవుతుంది. 65వి అప్పుడు అక్కడ లేవు. ఉత్తచేతుల్తో వచ్చాను.

ఇంటికి వచ్చి తుపాకి పెట్టె సర్దుతుంటే అడుగున ఎర్ర అట్ట పద్దు పుస్తకం దొరికింది. నాయన తెలుగు రాత. 1961 నుంచి 1990 దాకా కాల్చిన ప్రతి తూటాకూ ఒక వరస. పాత అలవాటుకొద్దీ మొత్తాలు వేశాను. 187 తూటాలు. 131 "గాలికి". 31 "తప్పింది". 16 "చీదింది". పందికి తగిలినవి తొమ్మిది, ఆ తొమ్మిదీ 1970కి ముందువే. గాలికి పేల్చినవన్నీ ఆరో నంబరు సన్నగుళ్ళవి. పందికైతే ఔన్సుకు ఆరే తూగే ఎల్.జి. గుళ్ళు. పైకి పోయింది ఎక్కడో దిగాలి గదా, పక్క మంచెల మీద మనుషులుంటారు. తాత రైఫిలు కొనకపోవడానికీ ఇదే కారణమై ఉంటుంది. దాని గుండు కిలోమీటరు దాటినా ఆగదు.

లోపలి అట్టమీద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "పొట్టిదే వెయ్యి. పొడుగుది లోపలికి పోతుంది. పోయినా వెయ్యొద్దు. గొట్టం చీలుతుంది."

ఆ నాలుగు ముక్కల కోసం నేను చెన్నై దాకా పోయివచ్చాను.

మా అబ్బాయిని పిలిచి చూపించాను. నా తరవాత తుపాకి వాడిదే. వాడు బడిలో తమిళం, ఇంగ్లీషు చదివాడు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతాడు, అక్షరాలు రావు. "తాత ఏం రాశాడు నాయనా?" అన్నాడు. చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు. కాగితం తెచ్చుకుని ఆ తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో రాసుకున్నాడు. నేర్పిస్తానంటే ఆదివారం చూద్దాం అన్నాడు. పోయిన ఆదివారాలు ఎన్నో నాకు లెక్క లేదు, ఆ లెక్క నాయన అయితే రాసి ఉండేవాడు.

రాసింది చదవమన్నాను. తమిళంలో కకారానికీ గకారానికీ ఒకే అక్షరం. వాడికి తెలిసిన మాట కాబట్టి "గొట్టం" అనే చదివాడు. పక్కనుంచి చూసిన మా తమ్ముడి కూతురు మాత్రం "కొట్టం చీలుతుంది" అని చదివి, పశువుల కొట్టమా పెదనాయనా అంది. మావాడు కాసేపు ఆలోచించి, ఆ మాట పక్కన రెండు గొట్టాలు గీసి, బాణం గుర్తు పెట్టి, కాగితాన్ని తుపాకి పెట్టె మూతకు లోపలివైపు అంటించాడు.