మంచు కరగిన పిదప

మంచుదేశములలో బండ్లను లాగు శునకములకు వేసవి వచ్చినచో సుఖవిశ్రాంతియే గదా యని పెక్కుమంది తలంతురు. వాని జీవనమును గూర్చి చదివినకొలదియు మాకు వేఱొక సంగతి గోచరించుచున్నది. వానికి పరుగు దండనము గాదు. పుట్టుకతో వచ్చిన సంతోషము. మంచు కరగినతోడనే ఆ సంతోషమునకు విఘ్నము కలుగును.

అలాస్కాలోని డెనాలి జాతీయవనమున 1922వ సంవత్సరమునుండి ఇట్టి శునకములను పోషించుచున్నారు. శీతకాలమున అవి వనరక్షకుల బండ్లను లాగుచు, యంత్రవాహనములకు ప్రవేశములేని అరణ్యభాగములకు బోవును. వేసవియందు ఆ పని యుండదు. ఒడలినిండ రెండు పొరల బొచ్చు. చెమట పాదముల యడుగుననే గాని పట్టదు. నాలుక వెడలబెట్టి రొప్పుటయే చల్లబడు నుపాయము. కావున ఎండవేళ పరుగెత్తించుట ప్రాణాపాయము; ఊరక కట్టివేయుట మనోవ్యాధి. ఈ రెంటినడుమ త్రోవ కనుగొనుటయే పోషకుల నేర్పు.

డెనాలిలో వేసవియందు చక్రముల బండికి కట్టి, గులకరాళ్ళ బాటపై కొలదిదూరము పరుగెత్తించి సందర్శకులకు చూపుదురు. తమ్ము కట్టుదురో లేదో యని శునకములన్నియు ఎగిరెగిరి మొఱుగునట! స్వచ్ఛందసేవకులు వానిని షికారు త్రిప్పుదురు. ఇతర పోషకులును చల్లని వేకువను నడిపింతురు, చెఱువులలో ఈదనిత్తురు, మాంసరసమును గడ్డకట్టించి నాకుటకు పెట్టుదురు, నీడయు నీరును ఎడతెగక యుంచుదురు, నేల త్రవ్వి చల్లని మంటిలో పండుకొన్నను కోపింపరు. చలి తిరిగి తలచూపగా క్రమముగా పరుగుదూరమును పెంచుదురు.

మా యింట బడికి సెలవులిచ్చిన నాలుగవనాడే మావారు, పలకబట్టిన పిల్లవాడెవడైన వచ్చునా యని వీధియరుగుపై ఎదురుచూచుచుందురు. పనియందు ఆనందము గలవారికి పనిలేమి యెంత బరువో మే మెఱుగుదుము.

మంచులేని నెలలలో ఆ శునకములు బండి లాగవు. మేత మాత్రము తప్పదు. అప్పుడు చూపు శ్రద్ధయందే పోషకుని ప్రేమ తేటపడును. మంచుకొండలలో తుదివఱకు వెంటనడచిన శునకమును విడిచి స్వర్గమునకేగుటకైనను ధర్మరాజు ఒప్పుకొనలేదు గదా!

ఇటీవల మన నగరములలోను నీలికన్నుల సోయగమునకు మురిసి హస్కీ కుక్కలను కొనువారు కలరు. అలాస్కాలో వేసవి కొలదినెలలే. మనకు ఏడాదిలో అధికభాగము ఎండలే. చల్లని గది అమర్చినంతన చాలదు. తెల్లవాఱకమున్నే లేచి ప్రతిదినము నడిపించు ఓపిక తమకున్నదా యని ముందుగా ప్రశ్నించుకొనవలెను. లేనిచో ఆ జీవిని కొనకుండుటయే దానియెడ నిజమైన దయ.