రెండు బల్లలు

ఎల్లారెడ్డిలోని మా పాత ఇంటిని విప్పినప్పుడు దూలాలు మిగిలాయి. పొగకు నల్లబడినా చేవ చెడని టేకు. అబ్బాజాన్ వాటిని కోయించి రెండు బల్లలు చేయించారు. ఒకటి కామారెడ్డిలోని మా ఇంటి డాబా మీదికి చేరింది; బక్రీదు నాడు కుంపటి పెట్టి సీఖ్ కబాబులు కాల్చేది దానిపైనే. రెండవదాన్ని దాదీమా పేరిట సదఖా జారియాగా ఎల్లారెడ్డిలో ఒక మస్జిదు ఆవరణకు ఇచ్చారు; రమజాన్‌లో ఇఫ్తార్ పళ్ళేలు దానిపైనే అమరుస్తారు. రెండింటికీ నీడ లేదు.

ఈ మధ్య మస్జిదు పెద్దలు కబురు పంపారు. బల్ల కాళ్ళు అడుగున పుచ్చిపోయాయనీ, దాన్ని తీసివేసి ప్లాస్టిక్ బల్ల తెచ్చుకోవడానికి మాకు అభ్యంతరమేమైనా ఉన్నదా అనీ అడిగారు. మర్యాదగానే అడిగారు. కాని ఆ మాట విని మా ఫుప్పీ కంటనీరు పెట్టుకొన్నారు. మనిషి మరణంతో అతని ఆచరణలు ఆగిపోతాయనీ, ఆగనివి మూడేననీ, వాటిలో ఒకటి నిరంతరం సాగే దానమనీ దైవప్రవక్త (స) బోధించారు కదా. ఆ బల్ల ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది మాకు వడ్రంగపు లెక్క మాత్రమే కాదు.

వెళ్ళి చూశాము. పైపలకలు బూడిదరంగుకు తిరిగాయి. చూపుకు శిథిలమే, చాకుతో గీకితే వెంట్రుకవాసి పొర కింద తేనెరంగు చెక్క చెక్కుచెదరకుండా ఉన్నది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్క నారలను పట్టి ఉంచే లిగ్నిన్‌ను విరిచివేస్తాయి, వాన దాన్ని కడిగివేస్తుంది. ఆ నష్టం పైపైనే ఆగుతుంది. మా ప్రాంతపు మే నెల ఎండ కూడా టేకును చంపలేదు.

చంపేది నిలిచిన తడి. చెక్క సన్నని గొట్టాల కట్ట వంటిది. అడ్డంగా కోసిన ముఖం నేలను తాకితే నీటిని పైకి పీల్చుకొంటుంది. చెక్కలో తేమ నూటికి 20 పాళ్ళు దాటి అలాగే నిలిస్తే బూజు జాతి శిలీంధ్రాలు లోపల కాపురం పెడతాయి. 2025 ఆగస్టు చివరలో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానలు ఎవరూ మరచిపోలేదు. ఆ తర్వాత ఆవరణ ఎన్నాళ్ళు చిత్తడిగా ఉన్నదో ఊరివారే చెప్పారు. చేవగల టేకులో సహజమైన నూనెలు ఉంటాయి గనుక చెదలు సులభంగా దరిచేరవు. అయితే ఒక కాలిలో అంచున తెల్లచెక్క మిగిలిపోయింది. చెదలు సరిగ్గా అక్కడే దూరాయి. హజ్రత్ సులైమాన్ (అ) ఆనుకొన్న చేతికర్రను తినివేసిన పురుగు గురించి దివ్యఖుర్ఆన్ సబా సూరాలో చదువుతూనే ఉంటాము. అంతటి ప్రభువు చేతికర్రనే విడువనిది మా బల్లను విడుస్తుందా?

కామారెడ్డి బల్ల మాత్రం గట్టిగా ఉన్నది. డాబా గచ్చు వాలుగా ఉన్నందున నీరు నిలువదు, పలకల మధ్య సందులున్నందున గాలి ఆడుతుంది. పాలిథిన్ పట్టా కప్పితే బల్లకు భద్రమని చాలామంది తలుస్తారు. పట్టా కింద చెమ్మ బయటికి పోలేక చెక్క ఉడికినట్లవుతుంది. వార్నిషూ అంతే, ఎండకు పగిలి, పగుళ్ళలో దిగిన నీటిని ఆరనివ్వదు. కుంపటి సంగతి వేరు. బల్లపై రేకు ఒక్కటే పరిస్తే చాలదు, లోహం వేడిని కిందికి పంపుతుంది. మేము ఇటుకలు ఎడంగా పేర్చి, వాటిపై బండ వేసి, ఆ బండపై కుంపటి ఉంచుతాము. అయినా ఒకచోట నిప్పురవ్వ పడిన నల్లమచ్చ ఉన్నది. అది ఏ బక్రీదు నాటిదో ఇంట్లో అందరికీ తెలుసు.

మదీనాలో ప్రవక్త మస్జిదు తొలినాళ్ళలో ఖర్జూరపు మొద్దులే స్తంభాలు, మట్టలే పైకప్పు. వాన పడితే కారేది. తర్వాత హజ్రత్ ఉస్మాన్ (రజి) దాన్ని పునర్నిర్మించినప్పుడు స్తంభాలు చెక్కిన రాళ్ళతో, పైకప్పు ‘సాజ్’తో వేయించారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. సాజ్ అంటే టేకే. అరబ్బు గడ్డపై అది మొలవదు. నేలను తాకేచోట రాయి, పైన టేకు!

మేమూ అదే చేయించాము. వడ్రంగి నాలుగు కాళ్ళకూ పుచ్చిన మేర మూడంగుళాలు కోసివేశాడు. కోత ముఖాలు బాగా ఆరిన తర్వాత అవిసె నూనె తాగినంత తాగించి, ఒక్కొక్క కాలి కింద షాబాదు బండ ముక్క పెట్టాము. నూనె గుడ్డలను ఉండగా చుట్టి పడవేయరాదు, వాటంతటవే వేడెక్కి అంటుకొంటాయి, విప్పి ఆరవేశాము. తుప్పు పట్టి చెక్కను నల్లబరచిన ఇనుప మేకులను తీసి ఇత్తడి మరలు బిగించాడు. ఒక పూట పని. పెద్దలు ప్లాస్టిక్ బల్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

బల్ల కొంచెం పొట్టిదైంది. ఖర్జూరాలు సర్దే పిల్లలకు ఇప్పుడు చేయి బాగా అందుతుంది. ఏటా షాబాన్ నెలలో నూనె పూసి, కాళ్ళ కింద మట్టి తీసే బాధ్యత మా తమ్ముని కుమారుడు ఒప్పుకొన్నాడు. అతడు దాదీమాను చూడలేదు.