వాన పడిన సినిమా, పడని సినిమా

ఆదివారం భోజనాలయ్యాక మీరేం చేస్తారో గానీ, నేను మాత్రం ఓ కౌబాయ్ సినిమా పెట్టుకుంటాను. కృష్ణగారి 'మోసగాళ్లకు మోసగాడు' అంటించిన జబ్బిది, ఇన్నేళ్లయినా తగ్గలేదు. మొన్న అనంతపురం నుంచి మా చిన్నాయన వచ్చాడు. వేరుశనగ రైతు, ఇంగ్లీషు ముక్క రాదు. అయినా కుర్చీ లాక్కుని పక్కన కూచున్నాడు. నేను పెట్టింది 1957 నాటి '3:10 టు యూమా'. నలుపు తెలుపు, గంటన్నర సినిమా.

కథేమంత పెద్దది కాదు. అరిజోనాలో కరువు. డాన్ ఇవాన్స్ అనే రైతుకి పక్కవాడి వాగు నీళ్లు వాడుకోవాలంటే 200 డాలర్లు కావాలి. అంతలో బెన్ వేడ్ అనే బందిపోటు పట్టుబడ్డాడు. వాణ్ణి కంటెన్షన్ అనే ఊరు చేర్చి, యూమా జైలుకి పోయే 3:10 బండి ఎక్కిస్తే ఆ డబ్బు ఇస్తామన్నారు. ఎల్మోర్ లెనార్డ్ 1953లో రాసిన మూలకథలో రైతే లేడు. ఖైదీని తీసుకెళ్లేవాడు డిప్యూటీ మార్షల్, అది వాడి ఉద్యోగం. ఆ చోట డబ్బుకి కటకటలాడే రైతుని పెట్టడంతోనే ఈ సినిమాకి ప్రాణం వచ్చిందంటాను.

బండి వచ్చేదాకా ఇద్దరూ ఓ హోటలు గదిలో ఉంటారు. బేడీలతో మంచం మీద వాలిన వేడ్ పాత్రధారి గ్లెన్ ఫోర్డ్ అత్తారింటికొచ్చిన అల్లుడిలా హాయిగా ఉంటాడు. తుపాకీ పట్టుకున్న డాన్ పాత్రధారి వాన్ హెఫ్లిన్‌కే చెమటలు. "ఏమంటాండాడు రా వాడు?" అన్నాడు చిన్నాయన. "వదిలేస్తే డబ్బిస్తానంటున్నాడు, వేలంపాటలా పెంచుతున్నాడు" అన్నాను. "బాకీ ఉన్నోడికాడ అట్ల మాట్లాడకూడదు" అని మొహం తిప్పుకున్నాడు.

ఆఖర్న, డబ్బిస్తానని డాన్‌ని పంపించిన ఆసామే వచ్చి, వదిలేసి పొమ్మంటాడు. డాన్ పోడు. స్టేషన్లో వేడ్ ముఠా చుట్టుముడితే, ఆ వేడే డాన్‌తో కలిసి కదిలే బండిలోకి దూకుతాడు. యూమా నుంచి ఇదివరకే పారిపోయినవాడు కదా, వాడికేం పోయింది! పట్టాల పక్క బగ్గీలో డాన్ పెళ్లాం. బండి ఆమెను దాటుతుండగా వాన మొదలవుతుంది. చిన్నాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మా గదిలో ఏసీ నడుస్తోంది మరి.

మర్నాడు ఇదే కథని 2007లో జేమ్స్ మాంగోల్డ్ మళ్లీ తీసిన సినిమా పెట్టాను. రెండు గంటలు. వేడ్‌గా రసెల్ క్రో, డాన్‌గా క్రిస్టియన్ బేల్. ఇందులో డాన్‌కి కష్టాలు గంపెడు. యుద్ధంలో పాదం పోయింది, అప్పిచ్చినవాడు కొట్టం తగలబెట్టించాడు, కన్నకొడుకే తండ్రిని పిరికివాడిలా చూస్తాడు. పాత డాన్ ఎందుకు తెగించాడో మనం ఊహించుకోవాలి. కొత్త డాన్‌కి దర్శకుడు కారణాల జాబితా చేతికిచ్చి పంపాడు. మొదట్లో నాకు విసుగొచ్చింది.

కానీ స్టేషన్‌కి పరిగెత్తే దారిలో ఒక మాట వస్తుంది. వేడ్ గొంతు నులుముతుంటే డాన్ నిజం కక్కుతాడు. తను చూసింది ఒక్కటే యుద్ధం, అదీ వెనక్కి తగ్గుతుండగా. పాదం పోయింది తనవాళ్ల తూటాకే. ఇది కొడుక్కి ఎలా చెప్పుకోను అంటాడు. వేడ్ చేతులు సడలిపోతాయి. అక్కడ నా విసుగు కూడా సడలింది. డాన్‌కి ఇప్పుడు కావాల్సింది డాలర్లు కాదు, కొడుకు నలుగురికీ చెప్పుకోగల ఒక కథ. ఆ కథకి ధర ప్రాణం. వేడ్ బండి ఎక్కాడు, డాన్ తూటాలకి కూలాడు.

కూలి లెక్క చూస్తే పాత డాన్‌కి వాన ముట్టింది, కొత్త డాన్‌కి పేరు ముట్టింది. ఏది గొప్పని అడిగితే నేను పేరు వైపే మొగ్గుతున్నాను.

సినిమా అయిపోయింది. చిన్నాయన తెర వంకే చూస్తున్నాడు.

"వాన యాడ రా?"

"ఇందులో పడదు చిన్నాయనా. కానీ పెళ్లానికి వెయ్యి డాలర్లిస్తారు, నీళ్లు వదిలిస్తామని కూడా పెద్దమనుషులు మాటిచ్చారు."

"మాటిచ్చినారా..." అని నవ్వి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు.