నొప్పి లేని జబ్బుల పాఠం

చాట్రాయి చుట్టుపక్కల తోటలన్నీ పూత మీద ఉన్న రోజులు. తేనెమంచు పురుగుకు మందు కొట్టే స్ప్రేయర్ల మోత పొద్దు పొడవకముందే మొదలవుతోంది. గాలి ఇటు తిరిగితే ఆ వాసన ఊళ్లోకీ వస్తుంది. కమ్యూనిటీ పోస్టింగు మీద ఒక నర్సింగ్ కాలేజీ విద్యార్థినులు ఆ ఊరికి వచ్చారు. పొద్దున్నే కూర్చుని పరీక్షలకు రివిజను, ఆపైన ఇల్లిల్లూ తిరగడం వాళ్ల పని. వాళ్ల వెంట ఒక పూట తిరుగుదామని నేనూ వెళ్లాను.

ఊరి సంగతి రెండు మాటల్లో చెప్పొచ్చు. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉండి, ఏలూరు జిల్లాలోకి మారిన మండల కేంద్రం. బంగినపల్లికి, చిన్నరసాలకు పేరుపడ్డ నూజివీడు ప్రాంతం. తూర్పుగా చింతలపూడి దాటి పోతే జంగారెడ్డిగూడెం పొగాకు వేలం కేంద్రాలు వస్తాయి. పెద్దాసుపత్రి అంటే నూజివీడు. అక్కడ కుదరదంటే ఏలూరో, విజయవాడో.

ట్యూటర్ మేడమ్ పుస్తకం తెరవలేదు. ‘‘ఇక్కడి జనం ఏ జబ్బుకి పరుగున ఆసుపత్రికొస్తారో చెప్పండర్రా’’ అన్నారు. పాము కాటు, పురుగుమందు, గుండెనొప్పి, చలిజ్వరం అంటూ జవాబులు వరసగా వచ్చాయి. ‘‘మరి ఏ జబ్బుకి రారు?’’ అనేసరికి పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు పాఠమంతా ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరిగింది.

పరుగున వచ్చే జబ్బుల్ని మేడమ్ చకచకా ముగించారు. రక్తపింజరి కాటు అనుమానం ఉంటే రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచాలి. వంచినప్పుడు ఇంకా ద్రవంలాగే జారితే రక్తం గడ్డకట్టే గుణం పోయినట్టు. ‘‘ప్లాస్టిక్ గొట్టం ఎందుకు పనికిరాదు?’’ అని అడిగితే చివరి వరస పిల్ల ఠక్కున చెప్పింది: గాజు తగిలితేనే గడ్డకట్టే ప్రక్రియ మొదలవుతుంది. కట్లపాము సంగతి వేరు. కాటు దగ్గర వాపూ ఉండదు, నొప్పీ పెద్దగా ఉండదు. కనురెప్పలు వాలిపోతుంటే అనుమానించాలి.

మందు కొట్టే కూలీల గురించి మాత్రం కాస్త ఆగారు. ఆర్గానోఫాస్ఫేటు రకం పురుగుమందు ఒంటికి పడితే కంటిపాప సూదిమొనంత అవుతుంది. చొంగ, చెమట, విరేచనాలు, ఆయాసం. అట్రోపిన్ ఎక్కించడం డాక్టరు చూసుకుంటారు. అంతకుముందే తడిసిన చొక్కా విప్పించి, సబ్బుతో ఒళ్లు కడగాల్సింది నర్సే, అదీ చేతులకు తొడుగులు వేసుకుని. చొక్కా ఒంటిమీద ఉన్నంతసేపూ మందు చర్మంలోకి ఇంకుతూనే ఉంటుంది.

ఇక రాని జబ్బులు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైమాటే. పెద్దవాళ్లలో మూడో వంతుకు మించి బీపీ ఉంది. రెండూ ఏళ్ల తరబడి నొప్పి పుట్టించవు. పడమటి వైపు, విస్సన్నపేట అవతల ఎ.కొండూరు తండాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. శ్రీకాకుళం ఉద్దానంలో కనిపించే జబ్బులాంటిదే అది. రెండుచోట్లా కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. కిడ్నీ చాలావరకు చెడిపోయేదాకా మనిషికి తెలియదు. రక్తంలో క్రియాటినిన్ చూస్తేనే బయటపడుతుంది. ‘‘నడుం నొప్పికి రోజూ మాత్ర మింగే కూలీని చూస్తే ముందు ఆ మాత్రేదో చూపించమనండి’’ అన్నారు మేడమ్. నొప్పి తగ్గించే డైక్లోఫినాక్ లాంటివి మూత్రపిండాలకు చేటు. నొప్పెట్టే నడుముకు వేసుకున్న మాత్ర నొప్పెట్టని కిడ్నీని తింటుందన్నమాట.

కేన్సర్ల దగ్గరికి వచ్చేసరికి నోటుబుక్కుల్లో పట్టికలు బయటపడ్డాయి. ఒక గడిలో అవయవం, పక్క గడిలో లక్షణాలు. బరువు తగ్గడం, రక్తం పడటం, నొప్పి, రక్తహీనత. పరీక్షలో మార్కులు పడే జవాబులే. కానీ వాటిలో సగం, జబ్బు ముదిరాక కనిపించేవి. పట్టిక చూసి జబ్బును గుర్తుపట్టడం నేర్చుకున్న నర్సు ఆలస్యంగా గుర్తుపట్టడమే నేర్చుకుంటుందని నాకనిపించింది.

2022 అంచనాల ప్రకారం దేశంలో ఏటా 14 లక్షల కొత్త కేన్సర్ కేసులు వస్తున్నాయి. రొమ్ము కేన్సర్ లక్షా 92 వేలు, పెదవి, నోటి కేన్సర్లు లక్షా 43 వేలు, గర్భాశయ ముఖద్వార కేన్సర్ లక్షా 27 వేలు. మొత్తంలో మూడో వంతు ఈ మూడే. ఈ మూడింటినీ కళ్లతో చూసి, చేత్తో తడిమి అనుమానించవచ్చు. ప్రభుత్వం ముప్పై ఏళ్లు దాటినవారి ఇంటింటి పరీక్షల్లో వీటిని చేర్చడానికి కారణం అదే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని 2024 నవంబరు నుంచి ఏఎన్ఎంల చేతుల మీదుగా మరింత ఊపందుకుంది.

‘‘నోరు చూడటానికేం కావాలి?’’ టార్చి లైటు, తొడుగు. బుగ్గల లోపల, నాలుక అంచులు, నాలుక కింద, అంగిలి. గోకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, మూడు వేళ్లు పట్టనంతగా బిగుసుకున్న నోరు. తిరువనంతపురం జిల్లాలో 1996 నుంచి ఆరోగ్య కార్యకర్తలు ఇలా నోళ్లు చూస్తూ పోతే, పొగాకో మద్యమో అలవాటున్నవారిలో నోటి కేన్సర్ చావులు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. అంగిలిని మాత్రం మరవొద్దని మేడమ్ రెండుసార్లు చెప్పారు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అక్కడే పుండు పడుతుంది. పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ నోటి జబ్బుల నిపుణుడు మన పరిశోధకులతో కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో రాసిన వ్యాసం ఇప్పటికీ దంతవైద్యుల పాఠాల్లో ఉంది. మన ఊళ్ల జబ్బు డెన్మార్క్ దాకా వెళ్లింది గానీ అదే రాష్ట్రంలోని ఈ నర్సింగ్ పిల్లల్లో చాలామంది దాని పేరు ఆ రోజే విన్నారు.

మధ్యలో మందుల పట్టిక వచ్చింది. మెథోట్రెక్సేట్ పేరు చదివిన అమ్మాయితో మేడమ్, ‘‘దాని వెనకున్నది మన భీమవరంలో పుట్టినాయనే’’ అన్నారు. 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన పరిశోధనల నుంచే ఈ తరహా మందులు వచ్చాయి. వాటిలో ముందుదైన అమినాప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు తాత్కాలికంగానైనా జబ్బు తగ్గించి 1948లో ప్రకటించారు. సుబ్బారావు కన్నుమూసింది ఆ ఏడే. చరిత్ర అక్కడితో ఆపి మేడమ్ అసలు సంగతికి వచ్చారు: కీళ్లవాతానికి ఇదే మందు వారానికి ఒక్కసారే వేసుకోవాలి. చీటీ సరిగా అర్థంకాక రోజూ మింగితే ప్రాణం పోతుంది. ‘‘ఏ వారమో పేరు పెట్టి చెప్పండి. సోమవారమంటే సోమవారమే.’’

రొమ్ము పరీక్ష గురించి పెద్దగా తర్జనభర్జన లేదు. మూడు వేళ్ల మెత్తని భాగంతో, చంక దాకా. ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యులు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది స్త్రీల మీద ఇరవై ఏళ్లు చేసిన అధ్యయనంలో, ఆరోగ్య కార్యకర్తల చేతి పరీక్ష వల్ల యాభై దాటినవారిలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపువారిలో ఆ మేలు కనిపించలేదు. ఆ రెండో సగాన్నీ మేడమ్ దాచలేదు.

అందరూ తలలు వంచుకున్నది ఆ తర్వాతే. గర్భసంచి.

ఈ రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 9 శాతం మంది గర్భసంచి తీయించుకున్నారని 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దేశ సగటు 3 శాతం పైచిలుకు. ‘‘మీ ఇళ్లల్లో తీయించుకున్నవాళ్లు ఉన్నారా?’’ అంటే లేవని చెయ్యి లేదు. ఎందుకు తీశారంటే మాత్రం ఎవరూ జబ్బు పేరు చెప్పలేకపోయారు. తెల్లబట్ట అవుతోందని, నడుం లాగేస్తోందని, ‘‘ఉంచుకుంటే కేన్సర్ అవుద్దన్నారు’’ అని. నోట్లో నిజంగా పుండు ఉన్న మనిషి నొప్పి లేదని ఊరుకుంటే, మందుతో పోయే తెల్లబట్టకు ముప్పై అయిదేళ్ల మనిషి ఆపరేషను చేయించుకుంటుంది. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ముందే ఉడిగి ఎముకలు గుల్లబారతాయి. కేన్సర్ భయం ఇక్కడ లేదనడానికి లేదు. అది ఉండాల్సిన చోట లేదు, అంతే.

‘‘దుర్వాసన, రక్తం కలిసిన తెల్లబట్ట, కలిశాక రక్తం, ముట్లుడిగాక రక్తం. వీటికి భయపెట్టండి. మిగతావాటికి ధైర్యం చెప్పి పరీక్షకు తీసుకెళ్లండి’’ అన్నారు మేడమ్. పరీక్ష కూడా పెద్దదేం కాదు. స్పెక్యులంతో చూస్తూ 5 శాతం ఎసిటిక్ ఆమ్లం అద్ది ఒక నిమిషం ఆగడం. వంటింటి వెనిగర్ ఆ కోవదే. తేడా ఉన్నచోట పైపొర తెల్లబడుతుంది. తెల్లబడిందంటే కేన్సర్ అని కాదు, ఇంకా చూడాలని. ముంబయిలోనే ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి ఈ పరీక్ష చేస్తే చావులు 31 శాతం తగ్గాయి. తమిళనాడులోని దిండిగల్‌లో నర్సులు ఒక్కసారి చేసినా 35 శాతం తగ్గాయి. ముందుజాగ్రత్త పేరుతో గర్భసంచులు తీయకుండానే.

ఎండ ముదరకముందే ఆశా కార్యకర్త వచ్చి పిల్లల్ని వీధుల్లోకి తీసుకెళ్లింది. మూడో ఇంట్లో ఒక ముసలామె అరుగు మీద కూర్చుని ఉంది. కిళ్లీలో పొగాకు కాడ నలుపుకునే అలవాటు. ‘‘అమ్మమ్మా, ఒక్కసారి నోరు బాగా తెరుస్తారా’’ అని అడిగింది ఒక అమ్మాయి. ‘‘నెప్పేం లేదు పాపా. నెప్పెడితే నేనే రానా?’’ అంది ఆమె. ‘‘నెప్పి లేదనే వచ్చాం అమ్మమ్మా’’ అనేసరికి నవ్వి నోరు తెరిచింది. ఎడమ బుగ్గ లోపల గోకినా పోని తెల్లమచ్చ.

పిల్లలు అందరూ టార్చి పట్టి చూశారు, రాసుకున్నారు. ఆ మచ్చల్లో అన్నీ కేన్సర్ కావని, కాడ మానేస్తే కొన్ని తగ్గుతాయని, అయినా డాక్టరు చూడాలని వంతులవారీగా చెప్పారు. ముసలామె అంతా విని, ‘‘నూజివీడు ఎట్టా పోవాలి? ఎవరు తోడొస్తారు? చీటీ ఏ గదిలో రాయించుకోవాలి? కోడలు మందు కొట్టే తోటకి కూలికి పోయింది’’ అంది. నోటుబుక్కుల్లో దీనికి జవాబు లేదు. ఆశా కార్యకర్తే చెప్పింది: ఆధార్ కార్డు, ఆరోగ్య కార్డు రెండూ తెచ్చుకోమని, పూత మందు పని అయి కోడలికి ఖాళీ దొరికేదాకా ఆగనక్కర్లేదని, గురువారం పొద్దున మొదటి బస్సుకు తానే స్టాండు దగ్గర ఉంటానని. టార్చి పట్టిన అమ్మాయి ఫారంలో ఖాళీ జాగా వెతికి, ‘గురువారం, మొదటి బస్సు, తోడు: ఆశా’ అని రాసుకుంది. మేడమ్ అది చూసి, మిగతావాళ్లనూ రాసుకోమన్నారు.