నవ్వుతూ మాట్లాడుకోవలసిన చట్టం

చిన్నప్పుడు హాల్లో దీపాలు ఆరగానే తెర మీద మొదట పడేది సెన్సారు సర్టిఫికెట్టు. అది పడిందో లేదో నేల టికెట్టు నుంచి ఈలలు మొదలయ్యేవి. మా అన్నయ్య మాత్రం గబగబా రీళ్ల లెక్క చదివేవాడు. పదహారు రీళ్లంటే పెద్ద సినిమా, టికెట్టు డబ్బులు గిట్టినట్టే. ఆ కాగితం మీద సంతకం పెట్టేదెవరో, ఆ సంతకానికి బలమిచ్చిన చట్టమేదో మాకు తెలియదు. అది 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం.

ఆ చట్టం మీద చట్టసభల్లో చర్చ జరిగినప్పుడల్లా నవ్వు వినబడాలని నా కోరిక. సినిమాలో ఏది చూడొచ్చు, ఏది చూడకూడదు అన్న తగువు మన ఇళ్లలో టీవీ ముందు రోజూ నడిచేదే. వానపాట రాగానే నాన్నగారు పేపరు పైకెత్తుతారు. అమ్మకు పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. చేతిలో రిమోటు ఉన్నవాడికి చెమటలు పడతాయి. ఇలాంటి సంగతిని ముఖం బిగించుకుని మాట్లాడితే ప్రతివాళ్లూ సంస్కృతి గురించి ఉపన్యాసం ఇస్తారు. నవ్వుతూ మాట్లాడితే తమ ఇంట్లో జరిగింది చెబుతారు. చట్టం రాసేవాళ్లకు పనికొచ్చేది ఆ ఇంటి కబురే.

మన పార్లమెంటుకు ఆ నవ్వు కొత్తేమీ కాదు. 2023 మార్చి 14న, ‘నాటు నాటు’ పాటకూ ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’కూ ఆస్కార్లు వచ్చినందుకు రాజ్యసభ అభినందనలు చెప్పింది. ప్రతిపక్ష నేత మల్లికార్జున ఖర్గే లేచి, దర్శకత్వం మేమే చేశాం, పాట మేమే రాశాం అంటూ పాలకపక్షం ఈ ఘనతను తన ఖాతాలో వేసుకోవద్దని కోరారు. అధికారపక్షం వైపు కూడా నవ్వులు పూశాయి. ఆ పాట ఉన్న ‘ఆర్‌ఆర్‌ఆర్’ సినిమా కథకుడు విజయేంద్రప్రసాద్ అప్పటికే ఆ సభలో నామినేటెడ్ సభ్యుడు. ఒక తెలుగు పాట ఢిల్లీలో రెండు పక్షాలనూ కలిపి నవ్వించిందని తలుచుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

నాలుగు నెలలు తిరిగేసరికి అదే సభ ముందుకు సినిమాటోగ్రాఫ్ సవరణ బిల్లు వచ్చింది. జూలై 27న ప్రతిపక్షం వాకౌట్ చేశాక రాజ్యసభలో గట్టెక్కింది. 31న నినాదాల హోరులో లోక్‌సభ కూడా సరేనంది. ప్రతిపక్షం పట్టుబట్టింది అప్పటి మణిపూర్ హింస గురించి. ఆ గాయం పెద్దది, పట్టుబట్టడం తప్పని నేననను. కానీ సినిమాను ఇంతగా ప్రేమించే దేశంలో సినిమా చట్టం సగం బెంచీలు మాట్లాడకుండానే వెళ్లిపోవడం నాకు లోటుగానే ఉంది.

మాట్లాడుకోవడానికి ఎంత ఉందని! 1983లో వచ్చిన యు/ఎ తరగతిని ఈ చట్టం 7, 13, 16 ఏళ్ల పైబడినవాళ్లకంటూ మూడుగా విడదీసింది. ఇవి తల్లిదండ్రులకు సూచనలు మాత్రమే. ‘ఎ’ సినిమాకు ఆపినట్టు గేటు దగ్గర ఎవరూ పిల్లల్ని ఆపరు. అంటే భారమంతా అమ్మానాన్నల మీదే. పన్నెండేళ్ల తమ్ముడు, పదిహేనేళ్ల అక్క, వాళ్ల అమ్మమ్మ ఒకే వరుసలో కూర్చుంటే ఎవరి వయసు చూసి సినిమా ఎంచుకోవాలి? నేనెరిగిన ఇళ్లలో నెత్తురు చూడలేక కొంగు అడ్డం పెట్టుకునేది అమ్మమ్మ. “అయిపోయిందిలే అమ్మమ్మా, చూడు” అని చెప్పేది మనవడు. సభలో ఎవరో ఒకరు ఈ మాట అని ఉంటే అందరూ నవ్వేవారు. నవ్వాక, పిల్లలు నిజంగా దేనికి భయపడతారో, మనం దేనికి భయపడతారనుకుంటామో ఒక్క గంటైనా ఆలోచించేవారు.

1969లో, సెన్సారు తీరును పరిశీలించిన ఖోస్లా కమిటీ, కథకు అవసరమైతే తెర మీద ముద్దును అనుమతించవచ్చని చెప్పింది. అర్ధశతాబ్దం దాటినా ఆ సంగతి ఎత్తితే ఇంకా గొంతు సవరించుకునేవాళ్లే ఎక్కువ.

అసలు చర్చే లేకుండా కత్తెర పడితే ఏమవుతుందో తెలుగువాళ్లకు బాగా తెలుసు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ జమీందారీ దౌర్జన్యాన్ని చూపించింది. జమీందార్లకు కోపం వచ్చింది, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధం పెట్టింది. అది పిల్లల కోసం గీసిన గీత కాదు. నవ్వుతూ నిలదీసే గొంతు అక్కడ ఒక్కటి ఉన్నా, ఆ కోపం ఎవరిదో అప్పుడే బయటపడేది.

ఎంపీలకు నాదొక విన్నపం. ఇంకోసారి సినిమా బిల్లు వస్తే, ముందు రోజు మీ మనవరాలిని తీసుకెళ్లి ఒక సినిమా చూడండి. ఇంటర్వెల్లో ఆ పిల్ల ఏమడిగిందో, మీరు ఏం చెప్పలేకపోయారో మర్నాడు సభలో ఉన్నదున్నట్టు చెప్పండి.