నచ్చని వాదనకూ మార్కు

బ్యాంకు పరీక్షల రీజనింగ్‌లో ఒక రకం ప్రశ్న అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. పైన ఒక ప్రతిపాదన, కింద అవునని ఒక వాదన, కాదని మరొకటి. ఏది బలమైనది? మొదటిదా, రెండోదా, రెండూనా, ఏదీ కాదా? నంద్యాల కోచింగ్ గదుల్లోనైనా, హైదరాబాద్ అశోక్‌నగర్ స్టడీ హాళ్లలోనైనా పిల్లలు లెక్కల కంటే దీని దగ్గరే ఎక్కువ తడబడతారు. సూత్రానికి లొంగదు మరి.

మద్యనిషేధం విధించాలా అని అడిగారనుకోండి. ‘విధించాలి, కూలి డబ్బు ఇల్లు చేరక పిల్లలు పస్తులుంటున్నారు’ అన్నది ఒక వాదన. ‘వద్దు, సర్కారు రాబడి పడిపోతుంది, దొంగసారా పెరుగుతుంది’ అన్నది రెండోది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ కథ వింటూ పెరిగిన అమ్మాయికి ఆ రెండోదాన్ని బలమైనదని గుర్తించడానికి చెయ్యి రాదు. తాగుబోతు తండ్రి ఉన్న ఇంటి పిల్లకైతే అసలే రాదు. అయినా అది బలమైనదే. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయినప్పుడు వినిపించిన కారణాలు ఇవే. వాదన చెప్పే విషయం నిజమే అనుకుని చదవాలి. తేల్చాల్సింది, ఆ కారణం ఈ ప్రశ్నను నేరుగా తాకుతోందా, తాకితే పట్టించుకోవలసినంత పెద్దదా అన్నదే. మనం ఏ పక్షమో ఎవరూ అడగలేదు.

‘విధించాలి, దేశం బాగుపడుతుంది’ అన్నది మాత్రం బలహీనం, మనసుకు ఎంత నచ్చినా సరే. ఆ మాట హెల్మెట్ తప్పనిసరి చేయాలా అన్న ప్రశ్నకీ అతుకుతుంది, బడిలో సెల్‌ఫోన్ నిషేధించాలా అన్నదానికీ అతుకుతుంది. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఈ దోషాన్నే ఎంత తేటగా చూపాడో! కొండ మీద పొగ ఉంది కనుక నిప్పుంది అనవచ్చు. పొగ ఉన్నచోట నిప్పుండడం వంటింట్లో చూశాం. కొండ మన ఎరుకకు అందే వస్తువు కనుక నిప్పుంది అంటే? చెరువూ ఎరుకకు అందేదే, అక్కడ నిప్పు లేదు. అన్నిటికీ అతికే కారణం దేన్నీ తేల్చదు.

వాదనలో ‘మాత్రమే’ అన్న మాట కనబడితే బలహీనమని కొట్టెయ్యండి అనే చిట్కాలు నాకు గిట్టవు. అవి మార్కు తెస్తాయేమో కానీ చదవడం మాన్పిస్తాయి. నా దగ్గరికొచ్చే పిల్లలను ముందు తమకు నచ్చని పక్షానికి వాదన రాయమంటాను. రాబడి తగ్గుతుందని రాసి ఊరుకుంటే, తగ్గితే ఏ పథకం ఆగుతుందో, ఎవరికి ఆగుతుందో కూడా రాసి తెమ్మంటాను.